మిట్ట కింద తోట గది, వెనక గోడకు చెమ్మ: ఒక కేస్ స్టడీ

తోటలో పనిముట్లు పెట్టుకోవడానికో, చిన్నపాటి వడ్రంగం చేసుకోవడానికో కట్టుకున్న గదికి వెనకవైపు నేల ఎత్తుగా ఉంటే ఏమవుతుందో చెప్పే కేసు ఇది. చెమ్మ, లీకేజీ పనులే నా వృత్తి. ఇలాంటి గదులు చాలా చూశాను. ఈ ఒక్కదాన్నే ఇంత వివరంగా రాయడానికి కారణం, ఇందులో యజమాని చేసిన పొరపాట్లతో పాటు నేను చేసినవి కూడా రెండున్నాయి. వాటిలో ఒకటి గోడను ముందుకన్నా ఎక్కువ తడిపింది. ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

గది, దాని వెనక నేల

గది లోపలి కొలత 16 అడుగులు, 10 అడుగులు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగు, పైన రేకులు. కట్టి ఏడేళ్లయింది. యజమాని రిటైరయ్యాక వడ్రంగం నేర్చుకున్నారు. రోజుకు నాలుగైదు గంటలు ఆ గదిలోనే గడుపుతారు. ఉలులు, రంపాలు, చిత్రికలు అన్నీ అక్కడే.

తోట మొత్తం వాలు మీద ఉంది. గది వెనక 15 మీటర్ల దాకా నేల పైకి ఎక్కుతూనే పోతుంది, ఎనిమిది అడుగులకు ఒక అడుగు చొప్పున. గది కట్టేటప్పుడు ఆ వాలును కోసి చదును చేశారు. తవ్విన మట్టిని బయటికి మోయడం ఎందుకని, గోడలు లేచాక అదే మట్టిని వెనక గోడకు ఆనించి నింపేశారు. దాంతో వెనకవైపు నేల గది గచ్చు కన్నా ఎడమ మూల 2 అడుగుల 3 అంగుళాలు, కుడి మూల ఒక అడుగు ఎత్తులో ఉండిపోయింది. ఆ మట్టిలో పూల మొక్కలు పెట్టారు. ముందువైపు నేల మాత్రం గచ్చుకు నాలుగు అంగుళాలు కిందే ఉంది.

నింపిన మట్టి గురించి ఒక మాట చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. ఆ స్థలంలో అసలు నేల బంకమట్టి. నీళ్లు అందులోకి చాలా నెమ్మదిగా దిగుతాయి. కోసి మళ్లీ నింపిన మట్టి మాత్రం వదులుగా ఉంటుంది, నీళ్లు ఇట్టే తాగేస్తుంది. అంటే ఒకవైపు గట్టి బంకమట్టి, ఇంకోవైపు ఇటుక గోడ, మధ్యలో వదులు మట్టి. వాన పడితే అది తొట్టిలా నిండుతుంది. నీళ్లు వెళ్లడానికి మిగిలే దారి ఇటుకలే.

ఇంకో సంగతి మొదట ఎవరూ చెప్పలేదు, తలెత్తి చూస్తే గానీ తెలియలేదు. రేకుల వాలు వెనక్కి ఉంది. చూరుతో కలిపి కప్పు విస్తీర్ణం 20 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు. 50 మిల్లీమీటర్ల వాన పడిన రోజు వెయ్యి లీటర్లు, గోడకు ఒక్క అడుగు దూరంలో, సరిగ్గా ఆ తొట్టిలోనే పడుతున్నాయి.

సమస్య

ఆయన నన్ను పిలిచింది గోడ గురించి కాదు, ఉలుల గురించి. "రాత్రి నూనె రాసి పెడతానండీ. వారం తిరిగేసరికి మళ్లీ ఎర్రగా తుప్పు చుక్కలు. రేకు కారుతోందేమో ఒకసారి చూడండి" అన్నారు.

తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టింది. వెనక గోడ కింది భాగంలో రంగు పొరలుగా లేచి ఉంది. వేలితో నొక్కితే విరిగి రాలింది. దాని వెనక తెల్లటి ఉప్పు, దూదిపింజలాగా మెత్తగా. గోడకు ఆనించిన చెక్క అర కింది పట్టీలో చాకు మొన పెడితే, బలం వాడకుండానే అర అంగుళం దిగింది. తేమ మీటరు ఆ చెక్కలో 26 శాతం చూపించింది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే పుచ్చు పట్టడానికి అది చాలు.

గోడకు తూకపు గుండు వేలాడదీసి చూశాను. గచ్చు నుంచి అడుగున్నర ఎత్తులో, ఎడమ మూలకు దగ్గరగా, గోడ లోపలికి 8 మిల్లీమీటర్లు ఉబ్బింది. ఒక వరసలో ఇటుకల మధ్య అడ్డంగా వెంట్రుక మందం బీట కూడా ఉంది. తుప్పు కన్నా నాకు టెన్షన్ పెట్టింది ఇదే. తొమ్మిది అంగుళాల గోడను ఎవరూ మట్టిని ఆపడానికి కట్టరు. పొడి మట్టి నెట్టే బలం ఒక ఎత్తు. ఆ మట్టిలో నీళ్లు నిలిస్తే నెట్టే బలం సుమారు రెట్టింపవుతుంది. మీటరు లోతు నీరు అడుగున చదరపు మీటరుకు ఒక టన్ను బలంతో నెడుతుంది. ఇక్కడ 2 అడుగుల 3 అంగుళాలంటే దాదాపు 700 కిలోలు, మట్టి నెట్టేది కాకుండానే. కాబట్టి చెమ్మ పోగొట్టడం, గోడను కాపాడటం రెండు వేర్వేరు పనులు కావు.

అంతకుముందు ఏం చేశారు

నేను వెళ్లేసరికే మూడు ప్రయత్నాలు జరిగాయి. మూడూ గది లోపలివైపు నుంచే.

మొదటిది, లోపల మూడడుగుల ఎత్తు దాకా వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపిన సిమెంటుతో కొత్త ప్లాస్టరింగు. నాలుగు నెలలు బాగానే ఉంది. తర్వాత తడి మూడడుగుల పైన, నాలుగో అడుగులో కనిపించింది. ఇలా జరగడంలో వింతేమీ లేదు. గోడలోకి వచ్చే నీళ్లు తగ్గలేదు. అవి ఆరిపోయే ముఖం మాత్రం మూసుకుపోయింది. ఇటుకల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఎక్కడ ఆరగలిగితే అక్కడిదాకా ఎక్కుతుంది. రెండోది ఎపాక్సీ రంగు. అది బుడగలు లేచి ఊడిపోయింది. వెనక నుంచి నీరూ ఉప్పూ నెడుతుంటే ముందు నుంచి అంటించిన ఏ పొరైనా ఎంతో కాలం నిలవదు.

మూడోది ఎంతో మంచి ఉద్దేశంతో చేసింది. బయటి తేమ లోపలికి రాకూడదని వెనక గోడ పైభాగంలో ఉన్న రెండు గాలి కంతలను గుడ్డలు కుక్కి మూసేశారు. లోపలి తేమ బయటికి పోయే దారి అక్కడితో ఆగిపోయింది.

ఏ నీరు, ఎక్కడి నుంచి

ఇలాంటి గదికి చెమ్మ నాలుగు దారుల్లో రావచ్చు. పక్క మట్టి నుంచి గోడ గుండా, కింద పునాది నుంచి పైకి, పైకప్పు నుంచి, ఇక గదిలోని గాలి నుంచి. ఒక్కోదానికి మందు వేరు. తేడా తేల్చకుండా పని మొదలుపెడితే డబ్బు పోతుంది, చెమ్మ ఉంటుంది. అందుకే మొదటి మూడు వారాలు పార పట్టనివ్వలేదు.

ఆయనకు ఒక పెన్సిల్ ఇచ్చి ఒక పని అప్పజెప్పాను. రోజూ పొద్దున గోడ మీద తడి అంచు ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీసి, పక్కన తేదీ వేయాలి. వాన పడిన రోజు తేదీ పక్కన చుక్క పెట్టాలి. వడ్రంగి చేయి కాబట్టి గీతలు చాలా నీటుగా గీశారు. మూడు వారాల తర్వాత ఆ గోడే నాకు రిపోర్టు అయింది.

అందులో రెండు సంగతులు కనిపించాయి. వాన పడుతున్నప్పుడు గీత కదల్లేదు. వాన ఆగిన ఒకటిన్నర రోజు తర్వాత పైకి జరిగింది. కప్పు కారితే వెంటనే తెలియాలి. ఇంత ఆలస్యం అయిందంటే నీరు మట్టిలోంచి ప్రయాణం చేసి వస్తోందని. రెండోది, తడి అంచు గోడ పొడవునా సమంగా లేదు. ఎడమ మూల ఎత్తుగా మొదలై కుడివైపుకు ఏటవాలుగా దిగింది. బయటికి వెళ్లి వెనక మట్టి ఎత్తు కొలిచి లోపలి గీత పక్కన పెడితే, రెండూ ఒకే వాలు. పునాది నుంచి ఎక్కే చెమ్మ అయితే నాలుగు గోడలకూ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. ముందు గోడకు కింద నాలుగైదు అంగుళాలు తప్ప ఏమీ లేదు. అంటే ప్రధాన దోషి పక్క మట్టి.

పాలిథీన్ షీటు పరీక్ష కూడా చేశాను. రెండడుగుల చదరపు షీటును గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. షీటు వెనక, గోడవైపు నీటి బిందువులు పడితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. ముందు, గదివైపు పడితే గాలిలోని తేమ చల్లబడి పేరుకుంటున్నట్టు. గోడ షీటు వెనకే తడిసింది. గచ్చు మీద అంటించిన షీటు కింద కాస్త రంగు మారింది, అంతే.

మరి ఉలుల మీద పడే చుక్కలు? తెల్లవారుజామున ఐదింటికి నేనే వెళ్లి చూశాను. నాలుగు రోజులుగా వాన లేదు. అయినా రేకు అడుగున వరసగా నీటి బొట్లు. రాత్రి రేకు ఆకాశంలోకి వేడి వదిలేసి గాలి కన్నా చల్లబడుతుంది. గదిలో గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే, 26 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడిన దేని మీదైనా నీరు పేరుకుంటుంది. కప్పు కారడం లేదు. గోడ నుంచి ఆరిన నీరే గాలిలో కలిసి, బయటికి పోయే దారి లేక, రేకుకు అంటుకుని ఉలుల మీద పడుతోంది. ఆయనకు ఆ బొట్లు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. రేకుల కీళ్లకు రెండేళ్లుగా సీలెంట్ పూస్తున్నారట.

ఇక్కడే నా మొదటి పొరపాటు కూడా జరిగింది. వాన లేని పది రోజుల్లో గోడ అంతా కొద్దిగా ఆరింది, ఎడమ మూల మాత్రం ఆరలేదు. గీతలు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. అక్కడ మట్టి ఎక్కువ కాబట్టి ఆలస్యంగా ఆరుతుందిలే అనుకున్నాను. వాన లేకపోయినా తడి తగ్గకపోతే వాన కాని నీరు ఉందని అనుమానించాలి. అనుమానించలేదు.

మొదటి దశ: పైనుంచి వచ్చే నీటిని మళ్లించడం

ముందు తేలికైనవి, వద్దనుకుంటే తీసేయగలిగినవి చేద్దామని నిర్ణయించాను. ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఒక్కో దశ పని చేసి గోడ ఎలా స్పందిస్తుందో చూస్తే, ఏ నీటి వాటా ఎంతో తెలుస్తుంది.

వెనక చూరుకు గట్టర్ పెట్టి, కప్పు నీళ్లను పైపుతో ముందువైపుకు తెచ్చాం. గదికి ఆరడుగుల పైన, వాలుకు అడ్డంగా, తొమ్మిది అంగుళాల లోతు కాలువ తవ్వి ఒక పక్కకు వాలు ఇచ్చాం. పైనుంచి నేల మీద పారి వచ్చే నీళ్లు గోడ దాకా రాకుండా అది పక్కకు తీసుకుపోతుంది. గాలి కంతలు తెరిపించాను. ముందు గోడ కింది భాగంలో ఇంకో రెండు కంతలు పెట్టించాను. కింద నుంచి గాలి వచ్చి పైనుంచి పోతేనే గది పొడవునా గాలి ఆడుతుంది.

నెల రోజుల్లో కుడివైపు తడి గీత ఎనిమిది అంగుళాలు దిగింది. తెల్లవారుజాము బొట్లు సగానికి తగ్గాయి. ఎడమవైపు రెండు అంగుళాలే. పైకి కనిపించే నీటిని మళ్లించాం, మట్టిలోపల ఊరే నీరు అలాగే ఉంది అనుకున్నాను. అందులో కొంత నిజం ఉంది.

రెండో దశ: నేను చేసిన తప్పు

ఊట నీటికి భూగర్భ కాలువ కావాలి. గోడకు అడుగున్నర దూరంలో కందకం తవ్వించాను, దాని అడుగుభాగం గది గచ్చు కన్నా అడుగున్నర లోతులో ఉండేలా. పునాది అడుగు రెండడుగుల లోతులో ఉంది కాబట్టి దానికి ప్రమాదం లేదు. పునాది కన్నా కిందికి, దానికి దగ్గరగా తవ్వడం ఎప్పుడూ చేయకూడదు. కందకంలో జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే) గుడ్డ పరిచి, కడిగిన 20 మిల్లీమీటర్ల కంకర వేసి, నాలుగు అంగుళాల రంధ్రాల పైపును రంధ్రాలు కిందికి ఉండేలా పెట్టి, మళ్లీ కంకర నింపి గుడ్డ మడిచాం. వాలు వందకు ఒకటి. పై చివర పైపు కడగడానికి మూతతో నిలువు గొట్టం. ఇంతవరకు ఏ లోపమూ లేదు.

లోపం చివర్లో ఉంది. ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? తోట పల్లం మూలకు తీసుకెళ్లాలంటే పక్కన రాళ్లు పరిచిన దారిని తవ్వాలి. ఆ దారి ఆయన సొంత చేతులతో పరుచుకున్నారు. "అది ముట్టుకోకుండా కుదరదా అండీ?" అని అడిగారు. కుదురుతుందన్నాను. గది కుడి మూల దగ్గర నాలుగడుగుల ఘనం ఇంకుడు గుంత తవ్వి, రాళ్లు నింపి, పైపును అందులోకి వదిలాను.

అది బంకమట్టి అని నాకు తెలుసు. గుంత తవ్వి నీళ్లు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూడటం ఒక్క రోజు పని. ఆ పని చేయలేదు. రాళ్లు నింపాక నాలుగడుగుల గుంతలో నీటికి మిగిలే చోటు సుమారు 700 లీటర్లు. పెద్ద వాన రెండు గంటలు పడితే నిండిపోతుంది.

రెండో వానకే నిండింది. మర్నాడు ఆయన ఫోన్ చేశారు. "ఇంజనీరు గారూ, గీత దిగలేదండీ, పైకి పోయింది." వెళ్లి నిలువు గొట్టం మూత తీసి టేపు వదిలితే, గచ్చు మట్టానికి నాలుగు అంగుళాల పైన నీళ్లు నిలిచి ఉన్నాయి. గుంత నిండి, నీరు పైపులో వెనక్కి ఎక్కింది. కంకర నింపిన కందకం గోడ పొడవునా నీటి తొట్టి అయింది. ఇదివరకు మట్టి ఆ నీటిని కొంతైనా పట్టుకుని ఆలస్యంగా వదిలేది. నేను దానికి గోడ పక్కనే చక్కటి చోటు చూపించాను. గుంత పక్కన అడుగు లోతు గొయ్యి తీసి అంచు దాకా నీళ్లు పోసి చూశాను. తెల్లారేసరికి రెండు అంగుళాలే తగ్గింది.

నీరు పల్లమెరుగు అంటారు. పల్లం ఎటుందో అటు దారి ఇవ్వాల్సింది. నేను మొహమాటానికి పోయి గుంత ఇచ్చాను. ఆయనకు అదే మాట చెప్పి, ఆ కాలువ తీసి మళ్లీ వేసే ఖర్చు నాదేనని ఒప్పుకున్నాను. పంపు పెట్టి ఆ రోజే గుంత ఖాళీ చేయించాం.

మూడో దశ: మట్టిని గోడకు దూరం చేయడం

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, గోడ బయటివైపు మట్టి తవ్వి, గోడకు వాటర్‌ప్రూఫ్ పొర వేసి, దాని మీద బొడిపెల ప్లాస్టిక్ షీటు పెట్టి మళ్లీ మట్టి నింపడం. చాలామంది ఇదే చేస్తారు. స్థలం లేనప్పుడు ఇదే సరైనది కూడా. రెండోది, మట్టిని గోడ నుంచి పూర్తిగా వెనక్కి జరిపి, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ వదిలి, మట్టిని ఆపడానికి వేరే గోడ కట్టడం.

రెండోదే ఎంచుకున్నాను. గోడ ఇప్పటికే ఉబ్బింది, దాని మీద మళ్లీ మట్టి బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా మట్టి వెనక వేసిన పొర పాడైతే ఎవరికీ కనిపించదు, మళ్లీ తడి వచ్చాకే తెలుస్తుంది. ఖాళీ ఉంటే గోడ రెండు ముఖాలూ గాలికి ఆరతాయి, చీపురు పట్టుకుని వెళ్లి చూసుకోవచ్చు. వెనక కావలసినంత స్థలమూ ఉంది. పూల మడి పోతుందని ఆయన బాధపడ్డారు. కొత్త గోడ పైన అదే మడి మళ్లీ పెట్టుకోవచ్చని చెప్పాను.

పని వానలు లేని రోజుల్లో పెట్టుకున్నాం. నిటారుగా కోసిన గట్టును అంతా ఒకేసారి తెరవకుండా ఐదేసి అడుగుల ముక్కలుగా తవ్వి, ఒక ముక్క గోడ లేచాకే తర్వాతి ముక్క మొదలుపెట్టాం. ఖాళీ వెడల్పు రెండున్నర అడుగులు. దాని గచ్చు గది గచ్చు కన్నా ఆరు అంగుళాలు కింద. ఈ ఆరు అంగుళాలు తగ్గించకూడదు. నేల మీద పడిన వాన చినుకు ఎగిరి గోడను తడుపుతుంది, గచ్చు మట్టానికి ఆ చిమ్ము అందకుండా ఉండాలంటే కనీసం అంత తేడా కావాలి. కాంక్రీటు గచ్చుకు గది నుంచి అవతలికి యాభైకి ఒకటి, పొడవునా వందకు ఒకటి వాలు ఇచ్చాం.

మట్టిని ఆపే గోడ రాతితో, మూడడుగుల ఎత్తు. అడుగున మందం అడుగున్నర, మట్టివైపుకు కాస్త వాలి ఉంటుంది. ఇంతకన్నా ఎత్తయితే ఇలా అంచనాగా కట్టకుండా స్ట్రక్చరల్ లెక్క వేయించేవాణ్ణి. దాని వెనక అడుగు మందం కంకర, మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్, అడుగున పాత రంధ్రాల పైపు. గోడలో ఐదడుగులకు ఒకటి చొప్పున మూడు అంగుళాల నీటి కంతలు. పైపు మూసుకుపోయినా ఆ కంతల్లోంచి నీళ్లు కనిపిస్తాయి. మొదటి హెచ్చరిక అక్కడే వస్తుంది.

ఈసారి దారిలో రాళ్లు తీశాం. పైపు బయటపడే చోటు గది మూలకు 11 మీటర్ల దూరంలో, ఆయన తోటలోనే, పల్లంలో ఉన్న గడ్డి మడి. పక్కవాళ్ల స్థలంలోకి ఒక్క చుక్క పోకూడదు, అది మొదటే అనుకున్నాం. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ, నేను నీళ్ల ట్యూబు పట్టుకుని మట్టం చూశాం. ట్యూబులో నీటి మట్టం నిలిచాక, మేస్త్రీ కర్ర మీద వేలు పెట్టి "ఇదుగో సార్, మూడడుగులు కిందికే ఉంది" అన్నాడు. గది మూల దగ్గర పైపు చివర కన్నా ఆ గడ్డి మడి నేల మూడడుగులు పల్లం. మొదటిసారే ఈ ట్యూబు పట్టుకుని ఉంటే సరిపోయేది.

ఎడమ మూల తవ్వుతుంటే గడ్డపార తగిలిన చోట నేల మెత్తగా, వాన లేకపోయినా బురదగా ఉంది. చేత్తో మట్టి తీస్తే తోట కుళాయికి వెళ్లే పైపు జాయింటు కనిపించింది. సన్నగా, చప్పుడు లేకుండా కారుతోంది. గ్లాసు పట్టాం. పది నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు 29 లీటర్లు, వానా ఎండా తేడా లేకుండా. మొదటి రోజే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు తిరుగుతోందా అని చూసి ఉంటే పది నిమిషాల్లో తేలేది. ఆ ఎడమ మూల ఆరని గీతలు మూడు వారాల పాటు నాకు చెబుతూ వచ్చింది ఇదే.

గోడ ఆరేదాకా

బయటి పని అయ్యాక లోపలి సిమెంటు ప్లాస్టరింగు, ఎపాక్సీ అంతా, పాత తడి గీతకు అడుగు పైదాకా చెక్కించేశాం. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఆ ఉప్పు ఇంకో మోసం కూడా చేస్తుంది. ఉప్పున్న గోడ మీద తేమ మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే గోడ విషయంలో మీటరు అంకె కన్నా పెన్సిల్ గీతనే నమ్మాను.

ఇటుక గోడ ఆరడానికి నెలకు ఒక అంగుళం అని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిది అంగుళాలు ఒక వైపు నుంచి ఆరాలంటే తొమ్మిది నెలలు. ఇప్పుడు రెండు ముఖాలూ తెరిచి ఉన్నాయి కాబట్టి సగం పట్టొచ్చని ఐదు నెలలు ఆగమన్నాను. ఆగడం చాలా కష్టం. "పని అయిపోయిందన్నారు, ఇంకా ఈ ఎర్రటి ఇటుకలు చూస్తూ కూర్చోవాలా?" అని ఇంట్లోవాళ్లు అడిగారు. రెండో నెలలో ఆయన తలుపు పక్కన చిన్న చోట పూత పూయించేశారు. మూడు వారాలకు అక్కడ ఉప్పు మళ్లీ తేలింది. దాన్ని తీసేయించాక మిగతా గోడ జోలికి వెళ్లలేదు.

ఐదో నెల చివర సున్నంతో ప్లాస్టరింగు చేయించాం. మిగిలిన కాస్త తేమ అందులోంచి బయటికి పోగలదు. సిమెంటు అయితే మళ్లీ మూత పెట్టినట్టే. ఆయన కోరిక మీద ఎడమ మూల దగ్గర అడుగు వెడల్పు పట్టీ ప్లాస్టరింగు లేకుండా వదిలేశాం. పెన్సిల్ గీతలూ తేదీలూ ఇటుకలకు ఎక్కించుకున్నారు. తడి మళ్లీ వస్తే ముందుగా అక్కడే కనిపిస్తుంది.

గచ్చును పగలగొట్టాలా అన్నది ఇంకో నిర్ణయం. కింద పాలిథీన్ షీటు లేదని పాత మేస్త్రీ చెప్పాడు. పరీక్షలో గచ్చు కింద తేమ చాలా తక్కువ. గోడ ఆరాక చూద్దామని ఆపాను. బల్లలకు, అరలకు నాలుగు అంగుళాల ఇనుప కాళ్లు వేయించి, గోడకు మూడు అంగుళాల దూరం జరిపాం. గచ్చు మీద రబ్బరు పట్టాలు పరచవద్దన్నాను. రేకు అడుగున ఇన్సులేషన్ షీటు పెట్టించాం, గాలి కంతలకు వల బిగించాం.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

మొదటి గంటలోనే నీటి మీటరు చూస్తాను. నీటి పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో అడిగి కాగితం మీద గీయించుకుంటాను. ఏ కాలువైనా తవ్వే ముందు దాని చివర ఎక్కడో తేలుస్తాను. నీళ్లు పోయే చోటు ఖాయం కాని కాలువ తవ్వకపోవడమే మేలు. ఇంకుడు గుంత పెట్టక తప్పకపోతే ఒక రోజు నీళ్లు పోసి చూడకుండా ఒప్పుకోను.

అడ్డంగా తవ్విన పైకాలువ, గట్టర్, గాలి కంతలు మాత్రం మళ్లీ అలాగే, అదే వరసలో చేస్తాను. చాలా గదులకు వాటితోనే సరిపోతుంది. ఇక్కడ సరిపోలేదంటే వెనక మట్టి, గది గచ్చు కన్నా రెండడుగుల పైన ఉండటం వల్ల. ఆరు అంగుళాలో, ఎనిమిది అంగుళాలో మాత్రమే ఎక్కువైతే ఆ మట్టిని పారతో తీసి వాలు మార్చితే చాలు. గదికి పక్కనున్న మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు అవతలికి దిగేలా చూసుకోవాలి. మట్టి ఎంత ఎత్తుందో కొలవకుండా మందు చెప్పేవాళ్లని నమ్మకండి. ముఖ్యంగా గోడ ఉబ్బిందా, అడ్డంగా బీట ఉందా అని చూడకుండా పూతల గురించి మాట్లాడేవాళ్లని.

గది కట్టబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, తవ్విన మట్టిని దయచేసి గోడకు ఆనించి నింపకండి. రేకుల వాలు మిట్టవైపుకు పెట్టకండి. గచ్చు పోసేముందు పాలిథీన్ షీటు పరవండి. ఈ మూడూ కట్టేటప్పుడు ఒక రోజు పని, తర్వాత అయితే ఏడాది పని.

ఇప్పుడు

రెండు వానల కాలాలు గడిచాయి. చెక్క అర కొత్త పట్టీలో తేమ 14 శాతం. ఉబ్బు 8 మిల్లీమీటర్ల దగ్గరే ఆగింది, వెంట్రుక బీట పెరిగితే తెలియాలని దాని మీద అంటించిన గాజు ముక్క పగల్లేదు. తెల్లవారుజామున రేకు కింద బొట్లు లేవు. గోడ నుంచి వచ్చే తేమే ఆగాక గాలికి తేవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ముందు గోడ అడుగున నాలుగు అంగుళాల చెమ్మ మాత్రం ఇంకా ఉంది. అక్కడ నేల గచ్చుకు నాలుగు అంగుళాలే కింద ఉండటం ఒక కారణం. ఆ పక్క ఇంకో రెండు అంగుళాలు మట్టి తీయించాలని అనుకుంటున్నాం.

పోయినసారి వెళ్లినప్పుడు వెనక ఖాళీలో ఆకులు పేరుకుని ఉన్నాయి, రెండు నీటి కంతలు సగం మూసుకున్నాయి. ఆయన అప్పటికప్పుడు చీపురు తెచ్చి ఊడ్చారు. నేను నిలువు గొట్టం మూత తీసి, గొట్టంతో నీళ్లు వదిలి, పల్లం చివర నిలబడ్డాను. కాసేపటికి గడ్డి మడిలో పైపు నోటి దగ్గర మొదట కాస్త మన్ను, తర్వాత తేటనీరు వచ్చింది.